రొయ్య చెంప ఉబ్బి ఉంది, పెంకు తీస్తే లోపల పురుగు. షాపాయన అది గుడ్ల సంచి అన్నాడు. తినొచ్చా, పారేయాలా?

తినొచ్చు. ఆ పురుగును తీసేసి, రొయ్యను కడుక్కొని బాగా ఉడికించి తినండి, ఏమీ కాదు. అది రొయ్య మొప్పల్లో బతికేది, మనిషి ఒంట్లో బతకలేదు. అంతవరకే అయితే నేను రాసేవాణ్ణి కాదు గానీ, మీరు "షాపాయన అది గుడ్ల సంచి అన్నాడు" అని రాశారు చూడండి, అది చదివాక ఉండబట్టలేదు. గుడ్లు కాదండీ. టైగరు, వనామి లాంటివి గుడ్లు మోసుకొని తిరగనే తిరగవు, నీళ్లలోకి వదిలేస్తాయి. మోసే జాతులు కూడా పొట్ట కింద పెట్టుకుంటాయి, చెంపలో కాదు.

నేను తిరుపతిలో ఎమ్మెస్సీ జువాలజీ చదివేటప్పుడు ప్రాజెక్టు కోసం కేరళలోని కొల్లం పోయినా. అక్కడ శక్తికుళంగర హార్బర్‌లో లోతు సముద్రం రొయ్యలు దిగుతాయి, 200, 300 మీటర్లు, ఇంకా లోతు నుంచి కూడా లాగి తెచ్చేవి. మన చెరువు రొయ్యల మాదిరి బూడిద రంగు కాదు, పచ్చివే ఎర్రగా ఉంటాయి, ఎవరో ఉడకబెట్టి తెచ్చి పోసినారేమో అనుకున్నా మొదట. అందులో హెటిరోకార్పస్ ఉడ్‌మేసోనీ అని ఒకటి ఉంది, కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన జేమ్స్ ఉడ్‌మేసన్ పేరు మీద 1901లో ఆల్కాక్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు. కుప్ప దగ్గర కూర్చొని ఏరుతా ఉన్న ఒకామె నేను స్టూడెంట్ అని తెలుసుకొని ఒక రొయ్యను తీసి నా చేతిలో పెట్టింది. పన్ను నొప్పి వచ్చిన మనిషికి మాదిరి ఒక చెంప వాచిపోయి ఉంది. అట్లాంటివి ఇంకో రెండు ఏరి ఇచ్చింది, డబ్బులు ఇస్తే తీసుకోలేదు. ఇంటికని ఒక కిలో కొని, అన్నీ థర్మాకోల్ డబ్బాలో ఐస్ వేసి రైల్లో తెచ్చినా.

ఇంట్లో మా అమ్మ సింకు దగ్గర ఒలుస్తా ఉంటే నేను పక్కనే స్టూలేసుకొని, గుండుసూది, లెన్సు పెట్టుకొని కూర్చున్నా. వాచిన చెంప పెంకు లేపితే మొప్పల పక్కన తెల్లగా, చదునుగా, చింతగింజలో సగం అంత ఉంది. ఒక పక్కకి వంకరగా పెరిగిపోయింది, ఆ ఇరుకు గదిలో దానికి చోటు అంతే. కళ్లు కనపడలేదు, కాళ్లు పొట్టిగా కొక్కేల మాదిరి, ఒంటి కింద సంచి నిండా గుడ్లు. అమ్మ వంగి చూసి "ఏమిరా, పుచ్చిన రొయ్యలు తెచ్చినావా" అనింది. పుచ్చు కాదమ్మా అని చెప్తా సూదితో తిప్పితే, దాని తోక దగ్గర ఇంకోటి కనపడింది. నువ్వుగింజంత. "ఇది దాని పిల్లా?" అనింది. కాదమ్మా, మొగుడు అన్నా. అమ్మ చేతిలోని రొయ్య అట్లే పట్టుకొని చానాసేపు చూసింది.

దీన్ని బోపిరిడ్ అంటారు. పూలకుండీ కింద తడిలో ఉంటుందే, ముట్టుకుంటే ఉండలా చుట్టుకునే పురుగు, దాని చుట్టమే. గుడ్డులోంచి వచ్చిన పిల్ల నేరుగా రొయ్య దగ్గరికి పోదు, ముందు కోపిపాడ్ అనే నలుసంత జీవి మీదికి ఎక్కి అక్కడ రూపం మార్చుకుంటుంది, ఆ తర్వాత దాన్ని వదిలేసి ఈదుకుంటా పోయి రొయ్య మొప్పల్లో దూరుతుంది. మొదట చేరింది ఆడది అవుతుంది, తర్వాత వచ్చింది ఆమె మీద చేరి మగది అవుతుంది. ఆడది రొయ్య నెత్తురు పీల్చుకుంటుంది, ఇద్దరూ అక్కడే కాపురం. రొయ్య పెంకు మార్చుకున్నా ఇది పోదు, కొత్త పెంకే దాని చుట్టూ ఉబ్బి గట్టిపడుతుంది. వెలుతురే లేని ఆ లోతులో అంత చిన్న పిల్ల రొయ్యను ఎట్లా వెతుక్కుంటుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నష్టం ఎవరికంటే రొయ్యకి. పాక్ జలసంధి వైపు పచ్చ టైగర్ రొయ్యల్లో ఎపిపీనియాన్ అని ఇట్లాంటిదే ఉంది, అది పట్టిన రొయ్య తింటుంది, తిరుగుతుంది, గుడ్లు పెట్టే శక్తి మాత్రం పోతుంది. భయపడాల్సింది ఇట్లాంటి వాటికి, రేపు వలలో రొయ్య ఉండాలి కదా. మనవాళ్లేమో పురుగు వీడియోలు ఫార్వర్డ్ చేసుకుంటా కూర్చుంటారు, ఏప్రిల్ ఎండలో ఐస్ లేకుండా రేకు మీద పోసిన రొయ్యల్ని మాత్రం బేరమాడి మరీ కొంటారు. కడుపు పాడయ్యేది ఆ ఐస్ లేనితనం వల్లే. అమ్మేవాళ్లైనా గుడ్ల సంచి అని నోటికొచ్చింది చెప్పకుండా, పురుగు ఉంది తీసి ఇస్తానంటే ఏం పోతుంది.

ఆ రోజు అమ్మ కూర వండలేదు. "మొగుడూ పెళ్లాం అని చెప్పినాక నేనెట్లా వండేదిరా" అని కిలో రొయ్యలూ పక్కింటి వాళ్లకి ఇచ్చేసింది. వాళ్లు సుబ్బరంగా వేపుడు చేసుకొని తిన్నారు, మాకు గిన్నెడు పంపినారు కూడా, అమ్మ ముట్టలేదు, నేను తిన్నా. వనామి కంటే తియ్యగా ఉంటుందండీ లోతు సముద్రం రొయ్య, మన ఊరి మార్కెట్లో దొరకదు, అదొక బాధ.

మీకు మళ్లీ చెంప వాచిన రొయ్య దొరికితే పారేయొద్దు. చిన్న సీసాలో సర్జికల్ స్పిరిట్ పోసి రొయ్యతో సహా అందులో వేయండి, ఏ రోజు, ఏ ఊళ్లో కొన్నారో పెన్సిల్‌తో చీటీ రాసి లోపలే పెట్టండి, పెన్నుతో రాస్తే స్పిరిట్‌కి చెరిగిపోతుంది. దగ్గర్లో ఏ కాలేజీ జువాలజీ డిపార్ట్‌మెంట్ ఉన్నా తీసుకెళ్లి ఇవ్వండి, లెన్సు కింద పెట్టి ఆ నువ్వుగింజంత దాన్ని పిల్లలకి చూపిస్తారు.