మెనూ అడిగి తెప్పించుకో

బుజ్జీ,

న్యూయార్క్ హోటళ్లు కొన్నాళ్లు తగ్గింపు ధరకి భోజనం పెట్టే రెస్టారెంట్ వీక్‌కి నువ్వు వెళ్తున్న సంగతి నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "పెద్ద పెద్ద హోటళ్లలో తక్కువకే భోజనాలట అక్కా, ఐదు రాత్రులకి టేబుళ్లు బుక్ చేసిందట, అక్కడ ఏం మాంసం పెడతారో ఏమో" అని దాని టెన్షన్ దానిది. న్యూజెర్సీ జర్నల్ స్క్వేర్లో నలుగురితో రూము పంచుకుంటూ, కొత్తిమీర కట్టకి కూడా రెండు షాపులు తిరిగే పిల్లవి, మాన్‌హాటన్‌లో తెల్లగుడ్డ పరిచిన టేబుల్ ముందు కూర్చోబోతున్నావంటే నాకు ముచ్చటేసింది. ఐదు రాత్రులు అనేసరికి మాత్రం గుండె గుభేలుమంది.

45 అని రాసి ఉంటే 45 అవుతుందనుకోకు. ఈ మధ్య 30, 45, 60 డాలర్లని మూడు ధరలు పెడుతున్నారు కదా, అవి ప్లేట్లో వచ్చే వాటికి మాత్రమే. ఊళ్లో టాక్స్ 8.875 శాతం, అంటే 45 మీద నాలుగు డాలర్లు. ఇరవై శాతం టిప్ అంటే తొమ్మిది. ఉత్త మంచినీళ్లు తాగి లేచినా 58 అయింది. ఐదు రాత్రులకి 290. నీ ఎడ్యుకేషన్ లోన్ వాయిదా ఎంతో నాకు తెలుసు, నా నోరు తెరిపించకు.

రెండు చోట్లకి తగ్గించు, ఆ రెండూ మధ్యాహ్నం పెట్టుకో. డెజర్టు తగ్గుతుందేమో గానీ, అదే వంటగది, అదే వంటవాడు. 30 డాలర్ల లంచ్ అన్నీ కలుపుకుని నలభై లోపే. శనివారాలు సాధారణంగా ఈ మెనూ ఉండదు, ఆదివారం వాళ్లిష్టం. నీ ఆఫీసు అక్కడే కాబట్టి ఒకరోజు లంచ్ టైము కాస్త సాగదీసుకో. వీక్ అని పేరే గానీ ఇప్పుడు మూడు నాలుగు వారాలు నడుస్తోంది, తొందరేం లేదు. వద్దనుకున్న బుకింగులు ఈరోజే క్యాన్సిల్ చేసెయ్, లేకపోతే కొన్ని చోట్ల మనిషికింత అని కార్డు మీద లాగేస్తారు.

హోటల్ ఎంచుకునే ముందు వాళ్ల మామూలు మెనూ కూడా చూడు. రోజూ 35కి దొరికే భోజనం 30కి తినడానికి అంత ముస్తాబు దేనికి? రోజువారీ మెనూలో ఒక్క మెయిన్ డిషే నలభై దాటే చోటికి వెళ్లు. ఆ హోటల్‌కి పేరు తెచ్చిన ఐటెమ్ ఈ తగ్గింపు మెనూలో ఉందో లేదో చూడు. చాలామంది దాన్ని తప్పించి చికెన్ ముక్కో సాల్మన్ ముక్కో పెట్టి పంపుతారు. ఐటెమ్ పక్కన ప్లస్ గుర్తేసి అంకె ఉంటే అది అదనంగా కట్టాలి.

ఇవన్నీ నీకు ఫోన్లోనే దొరుకుతాయి. నా భయం వేరే. మీ వంశానికే ఉన్న మొహమాటం.

ఈ తగ్గింపు భోజనాలు 1992లో మొదలయ్యాయి. డెమోక్రాటిక్ పార్టీ మహాసభలు న్యూయార్క్‌లో జరుగుతుంటే, వచ్చినవాళ్లకి ఊరి రుచులు చూపించాలని నాలుగు రోజులు లంచ్ పెట్టారు. ధర 19 డాలర్ల 92 సెంట్లు. తర్వాత కొన్నేళ్లు సంవత్సరం మారితే ఒక సెంటు పెరిగేది. మీ పెద్దనాన్నకి ఆ లెక్క తెగ నచ్చింది. ఆ రోజుల్లోనే ఒక వేసవిలో, ఆయన ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు హైదరాబాద్ కుర్రాళ్లని పిలిచారు, "ఖర్చు నాది" అని. నేను న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రైలెక్కి వచ్చాను, జూలై ఎండలో పట్టుచీర కట్టుకుని.

వెయిటర్ తోలు అట్ట వేసిన మెనూ నాలుగు చేతుల్లో పెట్టాడు. అది మామూలు మెనూ. తగ్గింపుది అందులో ఎక్కడా లేదు. నేను బల్ల కింద ఈయన కాలు తొక్కాను. "ఊరుకో, తక్కువది అడిగితే చులకన చేస్తారు" అని గొణిగి, నవ్వుతూ ఆర్డరిచ్చారు. నీళ్లు మామూలువా, గ్యాస్‌వా అని వెయిటర్ అడిగితే "మామూలువే" అన్నారు పొదుపు చేస్తున్నట్టు. రెండూ సీసాలే, రెండూ డబ్బులే. కుళాయి నీళ్లు కావాలని అడగాలని మాకేం తెలుసు! కుర్రాళ్లు ధర చూడకుండా తిన్నారు పాపం, పిలిచింది ఈయన కదా. ఇంతలో పక్క టేబుల్లో ముత్యాలదండ వేసుకున్న పెద్దావిడ, హోటలంతా వినపడేలా "ఆ ఇరవై డాలర్ల మెనూ ఏదయ్యా?" అంది. వెయిటర్ నవ్వుతూ జేబులోంచి తీసినంత తేలిగ్గా ఇచ్చాడు. చులకన లేదు, చట్టుబండలు లేదు. అప్పటికి మా ప్లేట్లు వచ్చేశాయి.

బిల్లు అనుకున్నదానికి మూడింతలు. ఆయన పర్సులో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయారు. ఆ నెల కిరాణాకని నా హ్యాండ్‌బ్యాగ్‌లో విడిగా దాచిన నోట్లు బల్ల కిందనుంచి అందించాను. పెన్ స్టేషన్ దాకా ఎండలో నడిచాం. దారి పొడుగునా ఒక్క మాట లేదు, ప్లాట్‌ఫారం మీద మాత్రం "చేప బావుంది కదూ" అన్నారు. బావుంది మరి, అబద్ధమెందుకు.

అందుకని బుజ్జీ, కూర్చోగానే రెస్టారెంట్ వీక్ మెనూ నోరు తెరిచి అడుగు. "ట్యాప్ వాటర్" అను. వెయిటర్ నోటితో చదివే స్పెషల్స్‌కి ధర అడుగు. బిల్లు నలుగురికీ విడివిడిగా ఇమ్మని ముందే చెప్పు. మర్యాదకి నీ కార్డు మీద గీకించి, తర్వాత ఫ్రెండ్స్‌ని అడగలేక నువ్వే మోస్తావు, నాకు తెలుసు.

టిప్ దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యకు. వడ్డించేవాళ్లకి చేతికొచ్చేదాంట్లో ఎక్కువ భాగం అదే. కనీసం టాక్స్ అంకెకి రెట్టింపు వెయ్యి, ఇక్కడివాళ్ల పాత లెక్క అది. గుంపుగా వెళ్తే కొన్నిచోట్ల టిప్ బిల్లులోనే కలిపేస్తారు, చూసుకోకపోతే రెండుసార్లు ఇచ్చేస్తావు.

ఇక మీ అమ్మ భయం. ఫ్రెంచ్ ఆనియన్ సూప్‌లో పేరుకి ఉల్లిపాయే గానీ, మామూలుగా బీఫ్ ఎముకలు మరిగించిన నీళ్లతో చేస్తారు. షార్ట్ రిబ్ (మామూలుగా బీఫే), వీల్ (దూడమాంసం), కార్పాచియో (మామూలుగా పల్చగా కోసిన పచ్చి బీఫ్) కనిపిస్తే ఆగి అడుగు. పన్నా కోటా అనే మీగడ తీపిలో మామూలుగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. నువ్వు తింటావో తినవో నీ ఇష్టం, తెలియక తినకూడదు, అంతే. ఒక్క రాత్రయినా పోవాల్సిందే అని పట్టుబడితే ఆరున్నరకే బుక్ చేసుకో, రాత్రి పొద్దుపోతే నువ్వు న్యూజెర్సీకి ఎక్కే ప్యాత్ రైళ్లు పలచబడతాయి. రూము చేరాక మెసేజ్ పెట్టు, ఎంత రాత్రయినా చూస్తాను.

అమ్మకి ఫొటోలు పంపేటప్పుడు బిల్లు కనపడనివ్వకు, రూపాయల్లోకి మార్చుకుని రాత్రంతా నిద్రపోదు.

మీ పెద్దనాన్నకి ఇదంతా చదివి వినిపించాను. ఆ నీళ్లసీసా తను తెప్పించలేదని ఇప్పటికీ వాదిస్తున్నారు. "ఒక లంచ్‌కి నన్నూ తీసుకెళ్లమను" అంటున్నారు కూడా. తీసుకెళ్లు, మెనూ మాత్రం నువ్వే అడుగు.

మీ పెద్దమ్మ