ఎలుకల బరువు తగ్గించిన మూలిక నాకు పనిచేస్తుందా?

ప్రశ్న: నా వయసు 38. విశాఖపట్నం సీతమ్మధారలో ఉంటాను, బ్యాంకులో ఉద్యోగం. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 76 కిలోలు. థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. ఇంటికొచ్చేసరికి ఎనిమిది దాటుతుంది, భోజనం పదింటికి. మా ఆడపడుచు తను వాడుతున్న మూలికల క్యాప్సూళ్లే నాకూ ఒక డబ్బా తెచ్చిచ్చింది. ఆ ఆకు సారంతో లావెక్కిన ఎలుకలు సన్నబడ్డాయట, ఆ రీసెర్చ్ పేపర్ వాట్సాప్‌లో పంపింది. 500 మిల్లీగ్రాములవి రోజుకు రెండు వేసుకోవచ్చా?

జవాబు: మొదలుపెట్టక ముందే అడిగి మంచి పని చేశారు. ఆ డబ్బా మూత తీయకండి.

ఆ పేపర్ అబద్ధమని నేను అనను. మెడికల్ కాలేజీ రోజుల్లో ఎలుకలకు మందు పట్టడం దగ్గర నుంచి చూశాను. మెడ వెనక చర్మం పట్టుకుని, మొన గుండ్రంగా ఉండే సన్నని గొట్టంతో సారాన్ని నేరుగా పొట్టలోకి వదులుతారు. కిందికి దింపగానే అది రెండు ముందుకాళ్లతో మూతి తుడుచుకుంటుంది. ఈ ప్రయోగాల్లో కొన్ని ఎలుకలకు మామూలు మేత, కొన్నింటికి కొవ్వు మేత పెడతారు. మన దేశపు ల్యాబుల్లో వనస్పతి, కొబ్బరినూనె కలిపి పట్టడం కూడా ఉంది. కొవ్వు మేత తినేవాటిలో కొన్నింటికి మూలిక సారం, కొన్నింటికి ఓర్లిస్టాట్ లాంటి, బరువు తగ్గిస్తుందని తెలిసిన మందు ఇస్తారు. వారాల పాటు తూకం వేసి, చివరికి రక్తంలో కొవ్వులు, పొట్టలో పేరుకున్న కొవ్వు కొలుస్తారు. ఓపికతో చేసే పని, మందుల పరిశోధనకు అవసరమైన తొలి మెట్టు.

మీ దగ్గరున్న పేపర్లో సారం ఎప్పుడు మొదలుపెట్టారో చూడండి. చాలా ప్రయోగాల్లో కొవ్వు మేత మొదలైన రోజు నుంచే సారం కూడా ఇస్తారు. అంటే ఆ ఎలుకలు లావెక్కి తగ్గలేదు, మిగతావాటి కంటే తక్కువ పెరిగాయి. మీరు ఇప్పటికే పెరిగిన బరువు తగ్గించుకోవాలి. ఆ రెండూ వేరు. ఎలుకలు ఎంత తిన్నాయో రాశారో లేదో కూడా చూడండి. చేదు సారం కడుపులో తిప్పితే ఏ ప్రాణి అయినా తక్కువే తింటుంది. అప్పుడు బరువు తగ్గినా ఆ ఘనత మూలికది కాదు.

ఇక డోసు. ఇలాంటి పేపర్లలో కిలో బరువుకు 400 మిల్లీగ్రాములు తరచూ కనిపిస్తుంది. ఎలుక డోసును మనిషికి మార్చాలంటే సుమారు 6.2తో భాగించాలి. 76 కిలోల మీకు అది రోజుకు దాదాపు 5 గ్రాములు అవుతుంది. రెండు క్యాప్సూళ్లు కలిపితే ఒక్క గ్రామే. అలాగని పది వేసుకోకూడదు! అంత మోతాదు మనిషి లివర్‌కు పడుతుందో లేదో ఎలుక చెప్పలేదు.

గార్సీనియా సంగతే చూడండి. కేరళవాళ్లు చేపల పులుసులో వేసే పులుపు కాయ. జంతువుల్లో ఆశ చూపింది. 1998లో అమెరికాలో 135 మందిపై 12 వారాలు పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే ఏమీ ఎక్కువ తగ్గలేదు. తర్వాత గార్సీనియా సప్లిమెంట్లు వాడినవారిలో లివర్ దెబ్బతిన్న కేసులు కూడా వచ్చాయి. ఇంకో భయం కల్తీ. గుండెకు ప్రమాదమని మన దేశంలో 2011లో నిషేధించిన సిబుట్రమిన్ అనే బరువు తగ్గించే మందు, 'హెర్బల్' అని అమ్మే స్లిమ్మింగ్ క్యాప్సూళ్లలో చాలా దేశాల్లో దొరికింది. లేబుల్ మీద దాని పేరు ఉండదు.

ఆ ఎలుకల నుంచి మనకు పనికొచ్చే విషయం ఒకటుంది, అమ్మకందారులు దాన్ని చెప్పరు. లావెక్కిన ఎలుకకు కొవ్వు మేత ఆపి మళ్లీ మామూలు మేత పెడితే, ఏ మందూ లేకుండానే బరువు దిగుతుంది. మనిషికి అంత తేలిక కాదని నాకు తెలుసు. ఎలుక బోనులో మేత వేరేవాళ్లు మారుస్తారు, మీకు ఆఫీసు, ఇల్లు, టెన్షన్ అన్నీ మీ మీదే. అందుకే మొత్తం ఒకేసారి మార్చమనను. సాయంత్రం ఆరింటికి ఉడికించిన శనగలో, గుడ్డో తినండి. రాత్రి పదింటికి ఆకలి మీద అన్నం ఎక్కువ పెట్టుకోవడం దానంతటదే తగ్గుతుంది. పొద్దున్న బీచ్ రోడ్డు దాకా వెళ్లే వీలు లేకపోతే మీ వీధిలోనే అరగంట చురుగ్గా నడవండి. నాలుగు కిలోలు తగ్గినా షుగర్‌లో, రక్తంలోని కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లలో తేడా కనిపిస్తుంది.

మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువును చూపే లెక్క, సుమారు 31. మనవాళ్లకు 25 దాటితే చాలు, ఊబకాయం కింద లెక్క. కాబట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. రిపోర్టులతో ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టర్ను) కలవండి, మీ ఊరి ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లోనూ ఆ విభాగం ఉంది. అవసరమైతే మనుషుల్లో పరీక్షించిన మందులు వాళ్లే రాస్తారు.

మీ ఆడపడుచును కూడా ఇప్పుడే ఆపమనండి. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్లంతా దురద, ఆకలి చచ్చిపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. డబ్బా పారేయకుండా వెంట పట్టుకెళ్లండి.