పెరుగన్నం, బిస్కెట్లు తప్ప ఏదీ ముట్టడు.. ఇది మొండితనమేనా?

ప్రశ్న: మాది తిరుపతి. బాబుకు ఆరేళ్లు. పెరుగన్నం, ఉత్త ఇడ్లీ, ఒకే రకం గ్లూకోజ్ బిస్కెట్లు, పాలు.. ఇవి తప్ప ఏదీ తినడు. రెండేళ్ల కిందట పప్పన్నం, అరటిపండు తినేవాడు. ఇప్పుడు అవీ మానేశాడు. పెరుగన్నంలో ఒక్క ఆవగింజ కనిపించినా పళ్లెం తోసేస్తాడు. బలవంతంగా పెడితే వాంతి చేసుకుంటాడు. ఆకలైతే తనే తింటాడని ఎవరో చెబితే, ఒకరోజు పాలు, బిస్కెట్లు దాచేశాం. సాయంత్రం దాకా నీరసంగా పడుకున్నాడే గానీ సాంబారన్నం ముట్టలేదు. పాలు మాత్రం రోజుకు నాలుగు గ్లాసులు తాగుతాడు. పోయిన ఏడాది 15.5 కిలోలు ఉండేవాడు, ఇప్పుడు 16. నేనే ముద్దు చేసి చెడగొట్టానని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఈ మాట వినండి. మీరు బాబును చెడగొట్టలేదు. మొండికేసిన పిల్లాడైతే కడుపు కాలేసరికి దారికొస్తాడు. మీవాడు నీరసించి పడుకున్నాడు గానీ తినలేకపోయాడు. అన్నంలో వెంట్రుక కనిపిస్తే మనకెలా ఉంటుందో, పెరుగన్నంలో ఆవగింజ కనిపిస్తే వాడికి అలా ఉంటుంది. ఆ ముద్ద మింగమని మనల్ని బలవంతపెడితే మనకూ వాంతే వస్తుంది. కాబట్టి పస్తు పెట్టే ప్రయోగం మళ్లీ చేయకండి.

రెండు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలు కొత్త తిండికి భయపడటం మామూలే. చాలామందిలో అది దానంతటదే తగ్గిపోతుంది. మీ ఉత్తరంలో నన్ను ఆలోచనలో పడేసింది అది కాదు. తినేవి పెరగకపోగా తగ్గిపోతున్నాయి, బరువు దాదాపు అక్కడే ఆగింది. ఈ వయసులో ఏడాదికి సుమారు 2 కిలోలు పెరగాలి, మీ బాబు అరకిలోనే పెరిగాడు. ఆరేళ్ల అబ్బాయిల సగటు బరువు 20 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఒక్కసారి చూసిన బరువు కన్నా, ఏడాదిగా బరువు గీత ఎటు పోతోందన్నదే మాకు ముఖ్యం.

ఇలాంటి తీవ్రమైన ఇబ్బందికి వైద్యంలో ఆర్‌ఫిడ్ (తిండిని దూరం పెట్టే రుగ్మత) అని పేరుంది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని తన వ్యాధి నిర్ధారణ గ్రంథంలో చేర్చింది. లావవుతామన్న భయంతో తిండి మానేసే జబ్బు వేరు, ఇది వేరు. ఇందులో కొందరికి వాసన, రంగు, నోట్లో తగిలే గరుకుదనం పడవు. కొందరు ఎప్పుడో గొంతులో ముద్ద అడ్డుపడిన భయంతో మానేస్తారు. కొందరికి అసలు ఆకలే సరిగా తెలియదు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ, అలాగని ఇది ఉన్నవాళ్లందరికీ ఆటిజం ఉన్నట్టు కాదు. ఉత్తరం చూసి మీ బాబుకు ఇదేనని నేను చెప్పలేను, చెప్పకూడదు. పిల్లల డాక్టర్ చూసి తేల్చాల్సిన విషయం.

ఇక పాల సంగతి. నాలుగు గ్లాసులంటే కడుపు పాలతోనే నిండిపోతోంది. పాలల్లో ఐరన్ చాలా తక్కువ, పైగా మిగతా తిండిలోని ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఐరన్ తగ్గితే రక్తం తగ్గుతుంది, ఆకలీ చస్తుంది. ఆకలి లేక పిల్లాడు మళ్లీ పాలే అడుగుతాడు. ఈ సుడి నుంచి బయటపడాలంటే పాలను రోజుకు అరలీటరు లోపుకు తేవాలి. ఒక్కసారిగా ఆపేయొద్దు, ఇప్పుడు వాడికి మాంసకృత్తులు ముఖ్యంగా అందుతున్నది పాలు, పెరుగు నుంచే. మూడు నాలుగు రోజులకోసారి అర గ్లాసు చొప్పున తగ్గిస్తూ, భోజనానికి రెండు గంటల ముందు నుంచి పాలు, బిస్కెట్లు లేకుండా చూడండి. వాడు బలపాలు, సుద్దముక్కలు, గోడ సున్నం తింటున్నాడేమో కూడా గమనించండి. అది ఐరన్ లోపానికి గుర్తు కావచ్చు.

ఇప్పుడు పళ్లెం దగ్గరికి వద్దాం. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మీ చేతిలో పని. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది వాడికి వదిలేయండి. ఫోన్ చూపిస్తూ నోట్లో కుక్కడం, పోలీసొస్తాడని బెదిరించడం, పక్కింటి పిల్లాడితో పోల్చడం అన్నీ ఆపేయండి. ప్రతి పూటా పళ్లెంలో వాడు నమ్మే పెరుగన్నమో ఇడ్లీయో ఉండి తీరాలి, తాలింపు లేకుండా. కొత్తది పక్కన చిన్న గిన్నెలో, చిటికెడే. దాని గురించి ఒక్క మాటా అనొద్దు. పెరుగన్నంలో దొంగచాటుగా పప్పు కలపొద్దు. వాడికి తెలిసిందా, ఆ పెరుగన్నం కూడా పోతుంది.

మార్పు ఒకసారి ఒక్కటే ఉండాలి. ఇడ్లీ తింటాడు కదా, అదే పిండితో అదే తెల్లదనంతో చిన్న దోసె పోయండి. అది అలవాటయ్యాక పిండిలో ఒక చెంచా రాగిపిండి కలపండి, కలిపిన సంగతి వాడికి చెప్పే చేయండి. కరకరలాడే బిస్కెట్ ఇష్టమైతే రస్కు, ఆ తర్వాత కరకరలాడే దోసె అంచు. ఇడ్లీ పక్కన మెత్తగా కొట్టిన చెనిక్కాయల పొడి, కొంచెం నెయ్యి. సంగటి ఇప్పుడే వద్దు, దానికి ఇంకా టైముంది.

నా దగ్గరికి వచ్చిన ఒక ఏడేళ్ల పాపకు మామిడిపండంటే భయం. వాళ్లమ్మ వారం పాటు ముక్క ఉన్న గిన్నెను బల్ల ఆ చివర పెట్టింది, అంతే. తర్వాత పాప దాన్ని వేలితో నొక్కి, వేలు గౌనుకు తుడుచుకుంది. ఇంకొన్నాళ్లకు వాసన చూసింది, నాలుకకు తాకించింది. సీజన్ చివర్లో ముక్క కొరికి ఉమ్మేసింది. ఇన్నాళ్ల శ్రమ వృథా అయిందని ఆ తల్లి నా ముందు ఏడ్చేసింది. నాకైతే అది గొప్ప సంతోషం, ఆ ముక్క నోటిదాకా వెళ్లింది మరి. మరుసటి ఏడాది పాప మామిడిపండు రసం తాగింది. మామూలు పిల్లలకే ఒక కొత్త రుచి పదీ పదిహేనుసార్లు ఎదురుపడాలి, వీళ్లకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

ఆకలి పుట్టిస్తాయని మందుల షాపులో అమ్మే సిరప్‌లు మీ అంతట మీరు వాడకండి. చాలావాటిలో ఉండేది నిద్రమత్తు తెచ్చే అలర్జీ మందే, అది తిండి మీద భయాన్ని తగ్గించదు. నులిపురుగుల మాత్ర బడిలో వేశారో లేదో కనుక్కోండి. మలబద్ధకం ఉంటే అదీ ఆకలిని చంపుతుంది, డాక్టర్‌కు చెప్పండి.

ఆలస్యం చేయకుండా ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. మీ ఊళ్లోనే రుయా ఆస్పత్రిలో పిల్లల విభాగం ఉంది. హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు, బీ12, డీ విటమిన్ పరీక్షలు అవసరం కావచ్చు. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11.5 కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. మీరు రాసిన నాలుగింటిలో సీ విటమిన్ దాదాపు లేదు. కాళ్ల నొప్పులని నడవనన్నా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, చీకటి పడ్డాక తడబడుతున్నా, పాలు నీళ్లు కూడా మానేసినా వారం ఆగొద్దు, అదే రోజు తీసుకెళ్లండి. మింగడంలో, నమలడంలో ఇబ్బంది ఉంటే స్పీచ్ థెరపిస్ట్, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ సాయం కావాలి.

మీ అత్తగారికి ఈ జవాబు చదివి వినిపించండి, వీలైతే ఆమెనూ ఆస్పత్రికి తీసుకెళ్లండి. మీరు ఒక పద్ధతి, అవ్వ ఒక పద్ధతి పాటిస్తే వాడికి భయం తగ్గదు. వెళ్లేముందు మూడు రోజుల పాటు ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో, ఏది తోసేశాడో ఒక కాగితం మీద రాసుకోండి. పాత బరువులు రాసిన టీకాల కార్డు కూడా వెంట పెట్టుకోండి.