బాపుని ఇండియన్ డెర్బీకి తీసుకెళ్తే ఏ టికెట్ కొనాలి, ఎక్కడ కూర్చోవాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది కదా: బిలోలి నుంచి మీ బాపుని (నాన్నని) ఫిబ్రవరిలో ముంబయి మహాలక్ష్మి రేస్ కోర్స్‌కి ఇండియన్ డెర్బీ అనే పెద్ద గుర్రప్పందెం చూపించడానికి తీసుకెళ్లాలి, ఆయనకి గుర్రాలంటే ప్రాణం, మోకాళ్లు మాత్రం నొప్పి. ఎవరో తెలిసినాయన మెంబర్స్ వైపు, అంటే రేస్ కోర్స్ నడిపే క్లబ్ సభ్యులు కూర్చునే వైపు, పాస్ ఇప్పిస్తా అని పెద్ద మొత్తం అడుగుతున్నాడు, తీసుకోవాలా, మామూలు టికెట్ చాలా?

ఆ పాస్ తీసుకోకు. ఫస్ట్ ఎన్‌క్లోజర్, అంటే మెంబర్స్ పక్కన మామూలు జనం కూర్చునే చోటు, దాని టికెట్ కొను. కొనేముందు ఒక్క ప్రశ్న అడుగు: "ఈ టికెట్‌తో పాడక్ (రేస్‌కి ముందు గుర్రాలని నడిపించి చూపించే చోటు) కంచె దాకా వెళ్లొచ్చా?" వెళ్లొచ్చు అంటే అదే నీకు కావలసిన టికెట్, దానికి పైన ఎంత ఖర్చు పెట్టినా మీ బాపుకి అదనంగా దొరికేది మెత్తటి కుర్చీ, ఫ్యాను, కాస్త ఖరీదైన భోజనం, అంతే.

నేను ధర్మాబాద్‌లో ఉంటాను, మిర్చి వ్యాపారం. డెర్బీకి నాలుగుసార్లు వెళ్లాను, హైదరాబాద్ మలక్‌పేటకి ఎన్నిసార్లో లెక్కలేదు. ఈ పిచ్చి నాకు రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకటి మన నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా యాత్రలో జరిగే గుర్రాల సంత, చిన్నప్పుడు ప్రతి ఏడూ బాపు నన్ను తీసుకెళ్లేవాడు, కొనేది లేకపోయినా పొద్దంతా గుర్రాల వరసల మధ్యే తిరిగేవాళ్లం. రెండోది మా కాక. ఆయన వర్లీ చాలులో ఉండి లోయర్ పరేల్ మిల్లులో పనిచేసేవాడు, 1982 సమ్మె తర్వాత పని పోయి ఊరికి వచ్చేశాడు కానీ ఆదివారాలు మహాలక్ష్మిలో కంచె పట్టుకుని చూసిన గుర్రాల గురించి చచ్చేదాకా చెప్పాడు. ఆయన ఎప్పుడూ చవక టికెట్‌తోనే చూశాడు. అందుకే టికెట్ ధరకీ చూసిన ఆనందానికీ లంకె పెట్టొద్దని నేను ఇంత గట్టిగా చెప్తున్నా.

మొదటిసారి నేనే మోసపోయాను. స్టేషన్ బయట పరిచయమైన ఒకాయన "గ్రాండ్‌స్టాండ్ సీటు, నంబరు ఉంటుంది" అని చెప్పి మూడింతల ధరకి రెండు టికెట్లు అంటగట్టాడు. లోపలికి వెళ్తే అవి మామూలు ఎంట్రీ టికెట్లు, సీటు నంబరు అనేదే లేదు, ముందు వచ్చినవాళ్లది ముందు వరస. డబ్బు పోతే పోయింది, సీటు ఉంది కదా అన్న ధీమాతో మధ్యాహ్నం మూడింటికి తాపీగా వెళ్లి మెట్ల మీద కూడా చోటు లేక నిలబడ్డాం, బాధ అక్కడ. కాబట్టి టికెట్ క్లబ్ చెప్పిన ఆన్‌లైన్ చోట గానీ గేటు కౌంటర్‌లో గానీ తప్ప ఎవరి చేతి నుంచీ కొనకు. దాని మీద సీటు నంబరు అచ్చు వేసి ఉందా లేదా చూడు. లేకపోతే మొదటి రేస్ కంటే ముందే లోపల ఉండాలి. ధరలు ఏటా మారతాయి, డెర్బీ రోజు మామూలు ఆదివారం కంటే ఎక్కువే ఉంటాయి.

ఇక ఏ వైపు ఏముంటుందో చెప్తాను. రేస్ కోర్స్ ఏదైనా లెక్క మామూలుగా ఒకటే. విన్నింగ్ పోస్ట్‌కి, అంటే పందెం ముగిసే గుర్తు కంబానికి ఎదురుగా, మంచి చోటు అంతా మెంబర్స్‌ది. దాని పక్కన ఫస్ట్ ఎన్‌క్లోజర్. ఇంకా పక్కకి జరిగితే సెకండ్ ఎన్‌క్లోజర్, అంటే గుర్రాలు చివరి మలుపు తిరిగి వస్తూ ముందు దాన్ని దాటి తర్వాత పోస్ట్ దగ్గరికి వెళ్తాయి. మెంబర్స్ వైపు క్లబ్ సభ్యులు, వాళ్ల అతిథులు ఉంటారు, డ్రెస్ కోడ్ ఉంటుంది, షార్ట్స్, రబ్బరు చెప్పులు నడవవు. డెర్బీ రోజు కంపెనీల అతిథుల కోసం వేరే డేరాలు వేస్తారు, అక్కడ ఫ్యాషన్, పాట, కెమెరాలు. అందులో తప్పు లేదు, కానీ మీ బాపు వస్తున్నది గుర్రాల కోసం. ఎవరికో అతిథిగా వెళ్లి బట్టల గురించి, ఎక్కడ నిలబడాలి అన్నదాని గురించి ఆయన టెన్షన్ పడటం ఎందుకు? ఫస్ట్ ఎన్‌క్లోజర్‌లో ఆయన తెల్ల ధోతీ, టోపీతో హాయిగా తిరగొచ్చు, మా బాపు అలాగే తిరిగాడు.

ఇప్పుడు పాడక్. నేను చెప్పేదంతా దీని మీదే నిలబడి ఉంది. ప్రతి రేస్‌కి ముందు గుర్రాలని ఒక గుండ్రటి దారిలో నడిపిస్తారు, సైస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) కళ్లెం పట్టుకుని ముందు నడుస్తాడు, ట్రైనర్లూ ఓనర్లూ మధ్యలో గడ్డి మీద నిలబడతారు, కాసేపటికి జాకీలు రంగు రంగు చొక్కాలతో వచ్చి ఎక్కుతారు. కంచె దగ్గర నిలబడితే గుర్రం నీకు నాలుగడుగుల దూరంలో నుంచి పోతుంది. ఊపిరి వినపడుతుంది, జీను వాసన వస్తుంది, నడిచేటప్పుడు తొడ కండ ఎలా కదులుతుందో కనపడుతుంది. మాళేగావ్‌లో గుర్రం కొనేవాడు ముందు పళ్లు చూసి వయసు చెప్తాడు, తర్వాత సుడులు వెతుకుతాడు, ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి మంచిది కాదని బేరం వదిలేస్తాడు. పాడక్ దగ్గర సుడి ఎవరికీ పట్టదు. అక్కడ చూసేది నడక, ఒంటి మీద మెరుపు, చెవులు ముందుకి ఉన్నాయా వెనక్కి వాలాయా, వెనక కాళ్ల మధ్య నురగలాగా చెమట పట్టిందా అని. పరుగు మొదలు కాకముందే తడిసి ముద్దయిన గుర్రం తన బలం అక్కడే ఖర్చు చేసుకుంటోంది అని అనుభవం ఉన్నవాళ్లు అంటారు. మీ బాపు లాంటివాళ్లకి ఇది చెప్పనక్కరలేదు, ఆయనే నీకు చెప్తాడు. మా బాపు మొదటిసారి అక్కడ నిలబడి అరగంట సేపు నోరు విప్పలేదు. మన వైపు సంతల్లో చూసే గుర్రాలు పొట్టిగా, గట్టిగా ఉంటాయి, మార్వాడీ గుర్రాలకి చెవుల కొసలు లోపలికి తిరిగి ఉంటాయి. ఇవి థరోబ్రెడ్‌లు, పందేల కోసం పెంచే జాతి, ఎత్తు, పొడుగు కాళ్లు, పలచటి చర్మం మీద నరాలు తేలి కనపడతాయి. ఆయన చూసిన గుర్రాల పక్కన ఇవి వేరే జాతి జీవుల్లాగే ఉంటాయి.

డెర్బీ గుర్రాల్లో ఆడవి ఉన్నాయా అని రేస్ కార్డు (ఆ రోజు పరిగెత్తే గుర్రాల వివరాల పుస్తకం) చూసి పట్టుకో. ఇది నాలుగేళ్ల గుర్రాలకి 2400 మీటర్ల పందెం, ఆడ గుర్రాలకి బరువు కొంచెం తగ్గిస్తారు. 1943లో మొట్టమొదటి ఇండియన్ డెర్బీ గెలిచింది ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అనే ఆడ గుర్రమే. మా బాపుకి ఆ సంగతి చెప్పినప్పటి నుంచి పాడక్‌లో ముందు ఆడ గుర్రాలనే వెతుకుతాడు.

ఇక సీటు. అన్ని రేసులూ ఒకే చోట కూర్చుని చూడాలని పట్టు పట్టకు. నేను చేసేది ఏంటంటే, తొందరగా వెళ్లి స్టాండ్‌లో మధ్య ఎత్తులో, మెట్ల అంచున, పాడక్ వైపు దిగడానికి వీలుగా ఉన్న చోట రెండు సీట్లు పట్టుకుంటాను. ఒకరు అక్కడ ఉంటే ఒకరు తిరుగుతారు. కింద వరసల్లో కంచె దగ్గర గుర్రపు డెక్కల చప్పుడు నేలలో నుంచి కాళ్లకి తగులుతుంది, అది బాగుంటుంది కానీ పరుగు మొత్తం కనపడదు, ముందున్నవాళ్లు లేచి నిలబడగానే అయిపోయింది. మరీ పై వరసలో అయితే మైదానం అంతా కనపడుతుంది కానీ మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి పాడక్‌కి ఎన్నిసార్లు దిగి ఎక్కగలడు? మధ్యలో ఉంటే రెండూ అందుతాయి. ఎదురు వైపు పరుగు చూడటానికి చిన్న దుర్భిణి ఒకటి తీసుకెళ్లు, 8 రెట్లు పెద్దగా చూపించేది చాలు, అంతకంటే పెద్దది అయితే చెయ్యి వణుకుతుంది.

సీటు పోస్ట్‌కి ఏ పక్కన ఉందో గుర్తుపెట్టుకో, ఇది చాలామందికి తెలియదు. పోస్ట్‌కి ఇవతల, అంటే గుర్రాలు మనల్ని దాటి పోస్ట్‌కి వెళ్లే చోట కూర్చుంటే, రెండు గుర్రాలు సమానంగా ఉన్నా మన వైపు ఉన్నదే ముందున్నట్టు కనపడుతుంది. పోస్ట్ దాటి అవతల కూర్చుంటే దూరంగా ఉన్నది ముందున్నట్టు కనపడుతుంది. చూపు ఏటవాలుగా పడటం వల్ల వచ్చే తేడా అది. మా బావ ఒక రేస్‌లో తన గుర్రం ఓడిపోయిందని కళ్లారా చూశానని టోట్ (క్లబ్ నడిపే పందెం కౌంటర్) టికెట్ చించి పారేశాడు, ఐదు నిమిషాల తర్వాత ఫోటో ఫినిష్‌లో, అంటే పోస్ట్ దగ్గర తీసిన ఫోటో చూసి తేల్చినప్పుడు, ఆ గుర్రమే గెలిచింది. ముక్కలు ఏరుకుని కౌంటర్‌కి వెళ్లినా పని కాలేదు. ఆ రోజు ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఫలితం ఖరారు చేసి ప్రకటించేదాకా టికెట్ జేబులోనే ఉండాలి.

పందెం గురించి నువ్వు అడగలేదు కానీ ఒక్క మాట. వెళ్లినవాళ్లకి వేయాలనిపిస్తుంది. బుకీల (సొంతంగా పందేలు కట్టించుకునేవాళ్లు) దగ్గరికి పోకుండా టోట్ కిటికీలో విన్ (గుర్రం గెలుస్తుందని) గానీ ప్లేస్ (ముందు వచ్చేవాటిలో ఒకటి అవుతుందని) గానీ చిన్న మొత్తం వేసి చూడండి, టనాలా (మొదటి మూడు గుర్రాలని వరసగా చెప్పడం), జాక్‌పాట్ (కొన్ని రేసుల విజేతలందరినీ చెప్పడం) లాంటివి ఆ రోజు వద్దు. ఇంటి నుంచి ఎంత తీసుకెళ్లాలో ముందే అనుకుని మిగతాది బ్యాగులో లోపల పెట్టేయ్. మా కాక సమ్మె రోజుల్లో ఒక్క రూపాయి కూడా వేయకుండా రెండు సీజన్లు ఉత్తి చూసే వచ్చాడు, ఆనందం తగ్గలేదని చెప్పేవాడు.

ప్రయాణం విషయానికి వస్తే, డెర్బీ సాధారణంగా ఫిబ్రవరి మొదటి ఆదివారం, తేదీ క్లబ్ ప్రకటించాక ఖాయం చేసుకో. శనివారం సాయంత్రం ధర్మాబాద్‌కి వచ్చి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి ముంబయిలో ఉంటారు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, రేస్ టికెట్ కంటే ముందు రైలు టికెట్ చూసుకో, బాపుకి లోయర్ బెర్త్ అడుగు. దాదర్‌లో దిగి పడమటి లైన్‌కి మారి చర్చిగేట్ వైపు వెళ్లే స్లో లోకల్ ఎక్కితే ప్రభాదేవి, లోయర్ పరేల్ తర్వాత మహాలక్ష్మి. రేస్ కోర్స్ స్టేషన్ పక్కనే. అయితే ఆదివారం లోకల్ రైళ్లకి మెగా బ్లాక్ (మరమ్మతుల కోసం కొన్ని గంటలు లైన్ ఆపడం) ఉంటుంది, ఏ లైన్ ఏ సమయంలో ఆపుతున్నారో ముందు రోజే చూసుకో, లేదంటే దాదర్ నుంచి టాక్సీ తీసుకో, ఆయన మోకాళ్లకి దాదర్ వంతెన మెట్లు కూడా తప్పుతాయి. టోపీ, నీళ్లు మర్చిపోకు, ఫిబ్రవరి అయినా ముంబయిలో మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. డెర్బీ సాయంత్రం పూట ఉంటుంది, అది అవగానే జనం ఒక్కసారిగా గేటు మీద పడతారు. మీరు కదలకండి, ఒక అరగంట కూర్చుని బయలుదేరినా రాత్రి దేవగిరి అందుతుంది.

ఇంకో సంగతి, వీలైతే దీనికి ముందు ఒకసారి హైదరాబాద్ మలక్‌పేట రేస్ కోర్స్‌కి తీసుకెళ్లు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, పందేలు మౌలాలీ నుంచి అక్కడికి మార్చారు, అంత పాత మైదానం. అక్టోబర్ 2న జరిగే దక్కన్ డెర్బీ 2000 మీటర్లది, ఆ రోజు రద్దీ ఉంటుంది కాబట్టి ముందు ఏదైనా మామూలు రేస్ రోజు చూసుకోండి. కాచిగూడ దాకా రైలు, అక్కడి నుంచి మలక్‌పేట పక్క స్టేషనే. మనుషులు తక్కువ, బాపు తొందర లేకుండా పాడక్ కంచె దగ్గర ఎంతసేపు నిలబడగలడో, మెట్లు ఎన్ని ఎక్కగలడో నీకు అక్కడే తెలిసిపోతుంది. రెండు గంటలు నిలబడితే కాళ్లు వాచాయి అనుకో, ముంబయికి మడత స్టూల్ ఒకటి కొనిపెట్టుకో, గేటులో లోపలికి రానిస్తారా అని టికెట్ కొనేటప్పుడే అడిగి పెట్టుకో.