బేరింగు మార్చబోయే అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

మామయ్య ఆశీస్సులు. రాత్రి ఫోన్లో కారు చప్పుడు వినిపించావు చూడు, పక్కనే ఉన్న మీ అమ్మమ్మ "వీడు విమానం ఎప్పుడెక్కాడ్రా" అంది. విమానం కాదు, మీ నాన్న 2006లో కొన్న మారుతి ఎయిట్ హండ్రెడ్ వెనక చక్రం అని చెప్పా. షెడ్డుకి ఇవ్వకుండా ఇంట్లోనే మార్చుకుంటానన్నావు. బెజవాడ ఆటోనగర్లో ముప్ఫై ఏళ్లకి పైగా ఇదే పని చేసినవాణ్ణి కాబట్టి వద్దనను. కానీ ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నా.

ముందు ఆ మోత బేరింగుదేనా అని తేల్చుకో. బేరింగంటే చక్రం తేలిగ్గా తిరగడానికి లోపలి రింగు, బయటి రింగు, వాటి మధ్య గుండ్లు పెట్టి చేసిన భాగం. టైరు అరిగి ఎగుడుదిగుడైనా అచ్చం ఇలాగే మోగుతుంది. టైరు మోత రోడ్డును బట్టి మారుతుంది, తారు మీద ఒకలా, సిమెంటు మీద ఒకలా. బేరింగుకి రోడ్డుతో పనిలేదు, స్పీడుతోనే పని. ఖాళీ రోడ్డు మీద యాభైలో వెళ్తూ స్టీరింగు కొంచెం కుడికి తిప్పు. బండి బరువు ఎడమ పక్కకి ఒరుగుతుంది. అప్పుడు మోత పెరిగితే చాలావరకు ఎడమ చక్రమే. తర్వాత చక్రం పైకెత్తి, హ్యాండ్‌బ్రేకు దించి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి వెనక స్ప్రింగు మీద పెట్టు. చెవికి దొరకనిది అరచేతికి దొరుకుతుంది. బాగున్న బేరింగైతే ఏమీ తెలియదు. పోయినదైతే లోపల ఎవరో ఇసుక నములుతున్నట్టు ఉంటుంది. రెండు పక్కలా పట్టి చూస్తే తేడా నీకే అర్థమవుతుంది.

జాకీ సంగతి చెప్పకుండా ముందుకి పోను. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. జాకీ స్టాండు కొనుక్కో, లేదా పక్కింట్లో అడుగు. ఇటుకలు మాత్రం పెట్టొద్దు, అవి చెప్పాపెట్టకుండా పిండైపోతాయి. నేల చదునుగా ఉండాలి, ముందు చక్రాలకి రెండు వైపులా అడ్డు పెట్టాలి, బండి గేరులో ఉండాలి. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చెయ్యి. మధ్యలో ఉండే పెద్ద నట్టు కూడా అంతే. డస్ట్ క్యాపు చుట్టూ మెల్లగా తట్టి ఊడదీసి, నట్టు వదులవకుండా అడ్డంగా దూర్చిన స్ప్లిట్ పిన్ను లాగేసి, పొడుగు రాడ్డు వేసి ఒక పట్టు వదిలించు. స్టాండు మీదున్న బండి మీద బలం చూపించకూడదు.

చక్రం తీశాక దాని వెనకుండే బ్రేకు డ్రమ్ము ఊరికే రాదు. సుత్తి పట్టుకుని అంచు మీద బాదుతారు చాలామంది, అంచు విరుగుతుంది. డ్రమ్ము ముఖం మీద మర ఉన్న రెండు చిన్న బెజ్జాలుంటాయి, చూడు. వాటిలోకి 8 ఎంఎం బోల్టులు రెండు ఎక్కించి, ఇటు సగం చుట్టు అటు సగం చుట్టు బిగిస్తూ పో. డ్రమ్ము దానంతటదే బయటికి జరుగుతుంది. లోపలున్న నల్ల దుమ్ముని నోటితో ఊదకు, గాలి పైపు అసలే పెట్టకు. పాత బ్రేకు లైనింగుల్లో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచేసి ఆ గుడ్డ పారెయ్యి.

ఇప్పుడు అసలు పని. నీ బండిలో బేరింగు ఉండేది డ్రమ్ములోనే. రెండు బేరింగులు, వాటి మధ్య స్పేసరు అనే గొట్టం ముక్క. పాతవి తీయడం సులువే. డ్రమ్ముని రెండు చెక్క దిమ్మల మీద పెట్టి, లోపలి స్పేసరుని కొంచెం పక్కకి జరిపితే అవతలి బేరింగు లోపలి రింగు అంచు కనిపిస్తుంది. దాని మీద మొండి రాడ్డు ఆనించి, గడియారం ముల్లులా చుట్టూ తిరుగుతూ కొట్టు. ఒకే చోట కొడితే ఏటవాలుగా ఇరుక్కుంటుంది. ఎలాగూ పారేసేవే కాబట్టి ఎక్కడ కొట్టినా పర్లేదు.

కొత్తదానికి మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. నేను చెప్పదలుచుకున్నది నిజానికి ఇదొక్కటే, మిగతావన్నీ ఏ పిల్లాడైనా చెబుతాడు. ఈ బేరింగు డ్రమ్ములో బిగుసుకునేది బయటి రింగుతో. కాబట్టి దెబ్బ బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద కొట్టావనుకో, ఆ దెబ్బ గుండ్ల మీదుగా బయటి రింగుకి వెళ్తుంది. గుండు కూర్చునే దారిలో కంటికి కనపడనంత గుంట పడుతుంది. ఆ రోజు చేత్తో తిప్పితే బాగానే తిరుగుతుంది. కొన్నాళ్లకి మళ్లీ విమానం. అప్పుడు "డూప్లికేట్ అంటగట్టాడు" అని షాపువాణ్ణి తిడతారు. డూప్లికేట్లు లేవని కాదు, ఉన్నాయి, అందుకే బిల్లిచ్చే డీలరు దగ్గరే కొను. కానీ నా దగ్గరికి తిరిగొచ్చిన కేసుల్లో సుత్తి పాపమే ఎక్కువ.

కొట్టడానికి వేరే పనిముట్టు అక్కర్లేదు. పాత బేరింగునే కొత్తదాని మీద పెట్టి, దాని బయటి రింగు మీద కొట్టు. పాతదాని బయటి అంచుని ముందే గ్రైండరుతో కొద్దిగా అరగదీయి, లేకపోతే అదీ డ్రమ్ములోనే ఇరుక్కుని నిన్ను ఏడిపిస్తుంది. కొత్త బేరింగుల్ని ముందురోజు రాత్రి ప్లాస్టిక్ కవర్లో గట్టిగా చుట్టి ఫ్రీజర్లో పెట్టు, డ్రమ్ముని పొద్దున ఎండలో పెట్టు. 52 మిల్లీమీటర్ల బేరింగు 40 డిగ్రీలు చల్లబడితే మిల్లీమీటరులో నలభయ్యో వంతు తగ్గుతుంది. అంతేనా అనుకోకు, సుత్తికి ఆ కాస్తే చాలు. కొడుతున్నప్పుడు చెవి అక్కడే పెట్టు. దిగుతున్నంతసేపూ టక్ టక్ మని బోలుగా వినిపించి, అడుగు తగలగానే శబ్దం బిగిసి ఠంగ్ మంటుంది. అక్కడ ఆగు. ఇంకొక్క దెబ్బ కూడా వద్దు.

మొదటి బేరింగు, స్పేసరు, తర్వాత రెండోది. ఈ వరస గోడ మీద రాసుకో. పని నేర్చుకునే రోజుల్లో నేను ఒక షెడ్డులో స్పేసరు మర్చిపోయి నట్టు బిగించేశా. చక్రం తిరగడం లేదని ఇంకా గ్రీజు పెట్టా! స్పేసరు లేకపోతే నట్టు బిగించే కొద్దీ రెండు లోపలి రింగులూ ఒకదాని వైపు ఒకటి నొక్కుకుపోయి గుండ్లని పిసికేస్తాయి. రెండు కొత్త బేరింగులు బుట్టదాఖలయ్యాయి, ఆ డబ్బు నా జీతంలో పట్టుకున్నారు. స్పేసరు అప్పుడు నా నిక్కరు జేబులోనే ఉంది.

కొత్త బేరింగు నంబరు పాతదానితో సరిచూసుకునే కొను. 6205 లాంటి నంబర్లో చివరి రెండంకెల్ని అయిదుతో గుణిస్తే లోపలి బెజ్జం మిల్లీమీటర్లలో వస్తుంది, 05 అంటే 25. వెనకాల 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు, జెడ్‌జెడ్ అంటే రేకు మూత. మూత ఒకే వైపున్నది దొరికితే మూత బయటికి చూడాలి. గ్రీజు డబ్బా ఖాళీ చేయొద్దు. ఎక్కువైతే వేడెక్కి కారి బ్రేకు మీదకి వస్తుంది, అదింకో తలనొప్పి.

ఒకవేళ కొత్త బేరింగు సుత్తి లేకుండా చేత్తోనే జారి దిగిపోతే సంతోషించకు. డ్రమ్ము లోపల అరిగిపోయిందని అర్థం. ఉలితో చుక్కలు కొట్టి బిగుతు చేస్తారు కొందరు. మా కాలంలో మేమూ చేశాం, చేయకూడని పని అది. డ్రమ్ము మార్చెయ్యి.

చివర్లో నట్టు బిగింపు చేతి అంచనాతో వద్దు. బండిని బట్టి మారుతుంది, 175 న్యూటన్ మీటర్ల దాకా అడిగే బండ్లున్నాయి. నీ బండి మాన్యువల్ చూసి, బిగింపు ఎంతో కొలిచి చూపించే టార్క్ పానా అద్దెకి తెచ్చుకో. చక్రం బిగించి బండి కిందికి దించాకే చివరి బిగింపు ఇవ్వు. స్ప్లిట్ పిన్ను కొత్తదే వెయ్యి. బెజ్జం కలవకపోతే నట్టుని వెనక్కి తిప్పకు, కలిసేదాకా కొంచెం ముందుకే. కదిలే ముందు బ్రేకు పెడలు నాలుగైదు సార్లు తొక్కు, మొదటిసారి నేలకి తగిలినా కంగారు పడకు. పది కిలోమీటర్లు తిరిగొచ్చి రెండు వెనక చక్రాల మధ్య భాగం దగ్గర చెయ్యి పెట్టి చూడు. మార్చిన వైపు బాగా వేడిగా ఉంటే మళ్లీ విప్పాల్సిందే. మర్నాడు చక్రం నట్లు మరోసారి బిగించు.

మీ చెల్లి కొత్త కారు జోలికి మాత్రం ఇదే ఉత్సాహంతో పోకు. ఏబీఎస్, అంటే బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉన్న కొన్ని బండ్లలో చక్రం స్పీడు తెలియడానికి బేరింగు ఒక పక్క అయస్కాంతపు రింగు ఉంటుంది. తిరగేసి కొడితే డాష్‌బోర్డు మీద లైటు వెలిగి కూర్చుంటుంది.

పాత బేరింగులు పారెయ్యకు. దసరాకి వచ్చేటప్పుడు పట్టుకురా, కోసి లోపల ఎక్కడ గుంట పడిందో చూపిస్తా.

మీ మామయ్య