పాల విరామానికి జీతం కోస్తారా?

ప్రశ్న: ప్రసూతి సెలవు అయిపోయి గత నెల ఆఫీసులో చేరాను. బాబుకి ఏడు నెలలు. పంప్‌తో పాలు తీసి దాచుకోవడానికి రోజుకి రెండుసార్లు పావుగంట అడిగితే, ‘లంచ్‌లో చూసుకోండి, లేదంటే ఆ టైముకి జీతం కోస్తాం’ అంటున్నారు మేనేజర్. మాది ముప్పై మంది పనిచేసే ప్రైవేటు సంస్థ. క్రెష్ (పిల్లల్ని చూసుకునే గది) లేదు. ప్రస్తుతం బాత్రూంలోనే కానిస్తున్నాను. చట్టం నాకేమైనా పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుందమ్మా. ముందు జీతం టెన్షన్ వదిలేయండి, కోయడానికి వీల్లేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉన్న ఈ హక్కును 2020 సామాజిక భద్రతా కోడ్ అలాగే ఉంచింది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. పదిమంది, ఆపైన పనిచేసే చోట వర్తిస్తుంది కాబట్టి మీ ఆఫీసు తప్పించుకోలేదు. 66వ సెక్షన్ ప్రకారం బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజూ రెండు విరామాలు ఇవ్వాలి. అదీ మామూలు విశ్రాంతి సమయం కాకుండా. అంటే లంచ్‌లో సర్దుకోమనడం చెల్లదు. ఈ విరామాల పేరుతో జీతం కోయకూడదని 69వ సెక్షన్ చెబుతోంది.

అయితే మేనేజర్ పట్టుకోగల మెలిక ఒకటుంది. చట్టంలో ఉన్న మాట ‘బిడ్డకు పాలివ్వడం’. పాలు తీసి దాచడం గురించిగానీ, అందుకో గది గురించిగానీ ఒక్క ముక్క లేదు. బిడ్డ కూతవేటు దూరంలోనే ఉంటుందనుకుని రాసినట్టుంటుంది. తీసిన పాలు తాగేది ఆ బిడ్డే కదా, కాబట్టి ఆ విరామం దీనికీ వర్తిస్తుందని నా అభిప్రాయం, గట్టిగానే వాదించొచ్చు. గదిని మాత్రం హక్కుగా కాక సదుపాయంగా అడగండి. లోపల గడియ, ఒక కుర్చీ, ప్లగ్ పాయింటు ఉన్న చిన్న గది చాలు. బాత్రూం వద్దని అడిగే మెయిల్‌లోనే రాయండి.

క్రెష్ 50 మంది ఉన్న చోటే తప్పనిసరి, మీకు రాదు.

ఇకపై నోటిమాటగా అడగొద్దు. బాబు పుట్టిన తేదీ, మీకు కావాల్సిన రెండు వేళలు, రెండు సెక్షన్ల నంబర్లు వేసి మేనేజర్‌కి, హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. లాయర్ నోటీసు ఇప్పుడే వద్దు, రేపు మీరు వెళ్లాల్సింది ఆ ఆఫీసుకే. మెయిల్ తర్వాత కూడా జీతం కోస్తే ఆ నెల పే స్లిప్ జతచేసి కార్మిక శాఖలో ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్‌కి ఫిర్యాదు ఇవ్వొచ్చు. మీకు మిగిలింది ఎనిమిది నెలలే, మెయిల్ ఈ వారమే వెళ్లాలి.