ఒక్క స్పోరు నుంచి పుట్టగొడుగు ఎందుకు రాదు? మాస్ మాత్రం ఎలా వస్తుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ముత్యపు చిప్ప పుట్టగొడుగు స్పోరు (విత్తనంలా మొలిచే సిద్ధబీజం) ఒక్కదాన్నే వేరు చేసి పెంచితే ప్లేటులో తెల్లగా బాగానే పెరిగింది, వరిగడ్డి సంచిలో కూడా పాకింది, కానీ నెలన్నర దాటినా ఒక్క మొగ్గ వేయలేదు. మాస్ (వానాకాలంలో గోడల మీద పచ్చగా పరుచుకునే చిన్న మొక్క) స్పోరు మాత్రం ఒక్కటి పడితే చాలు, ఆకులతో సహా మొక్క వస్తుంది. రెండూ ఏకస్థితిక స్పోర్లే (క్రోమోజోములు జతలుగా కాక ఒక్కొక్కటే ఉన్నవి) కదా, మరి తేడా ఎక్కడ? వరంగల్‌లో ఉండి ఆ కల్చర్ నుంచి పంట తీయాలంటే ఏం చేయాలి?

కొట్టంలో తేమ తక్కువైందనో వేడి ఎక్కువైందనో అనుకునే ముందు ఆ కల్చర్‌ను మైక్రోస్కోపు కింద పెట్టండి. ప్లేటులో పెరుగుతున్న అంచు నుంచి సూది మొనంత ముక్క తీసి, లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే రంగు చుక్కలో పరిచి, కవర్ స్లిప్ వేసి 400 రెట్లలో చూడాలి. దారాల్లో అడ్డుగోడ ఉన్న ప్రతిచోటా పక్కకు చిన్న వంపు ఉబ్బెత్తుగా కనబడితే అది క్లాంప్. క్లాంపులు వరుసగా ఉంటే దారంలోని ఒక్కో కణంలో రెండు రకాల కేంద్రకాలు ఉన్నట్టు. ఎంత వెతికినా ఒక్కటీ లేకపోతే మీ దగ్గర ఉన్నది ఒకే రకం కేంద్రకం ఉన్న మైసీలియం, అంటే దారాల అల్లిక. అది గడ్డి తింటుంది, సంచి నిండా పాకుతుంది, కాయదు. ఎప్పుడో ఒకసారి చిన్న చిన్న వంకర మొగ్గలు వేయొచ్చు గానీ వాటిని పంట అనలేం. తెల్లగా పెరగడాన్ని బట్టి కల్చర్ మంచిదని తేల్చడమే ఈ పనిలో అందరూ చేసే పొరపాటు.

కారణం ఇది. పుట్టగొడుగు కింది పొరల మీద ఉండే బేసిడియం అనే కణంలోనే రెండు కేంద్రకాలు కలుస్తాయి, కలిసిన వెంటనే క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్య సగానికి తగ్గే విభజన) జరిగి నాలుగు స్పోర్లు వస్తాయి. అంటే ద్వయస్థితిక దశ (క్రోమోజోములు జతలుగా ఉండేది) ఆ ఒక్క కణానికే, అదీ కాసేపే. మిగతా జీవితమంతా రెండు కేంద్రకాలు ఒకే కణంలో పక్కపక్కనే ఉంటాయి, కలవవు. కణం విభజన చెందినప్పుడు రెండూ ఒకేసారి విభజన చెంది, ఒక్కో రకం ఒక్కోటి చొప్పున కొత్త కణానికి అందాలి. ఆ పంపకం సరిగ్గా జరగడానికే క్లాంప్.

ఎవరితో ఎవరు కలవాలనేది ‘ఏ’, ‘బీ’ అని పిలిచే రెండు జన్యుస్థానాలు తేలుస్తాయి. ‘ఏ’ స్థానంలో ఉన్నవి ఇతర జన్యువులను నడిపే ప్రొటీన్లను చేస్తాయి. కేంద్రకాలు జతగా ఉండడం, ఒకేసారి విభజన చెందడం, క్లాంప్ వంపు మొదలవడం వీటి పని. ‘బీ’ స్థానంలో ఫెరోమోన్లు (రసాయన సంకేతాలు), వాటిని గుర్తించే గ్రాహకాలు ఉంటాయి; ఎదుటి దారంలోకి కేంద్రకం ప్రయాణించడం, క్లాంప్ చివర కలిసి మూసుకోవడం వీటి పని. ఈ రెండు స్థానాలూ వేర్వేరుగా పంచుకుంటాయి కాబట్టి ఒక్క పుట్టగొడుగు స్పోర్లలోనే నాలుగు రకాలు వస్తాయి: ఏ1బీ1, ఏ2బీ2, ఏ1బీ2, ఏ2బీ1. ఏ, బీ రెండూ తేడాగా ఉన్న జంట మాత్రమే పూర్తిగా కలుస్తుంది. కాబట్టి ఒకే పుట్టగొడుగు నుంచి ఏవో రెండు స్పోర్లు తీసి కలిపితే ఫలించే అవకాశం నాలుగింట ఒక వంతే. ఆడ, మగ అనే లెక్క ఇక్కడ పనికిరాదు. 1918లో మతిల్డ్ బెన్సోడ్, 1920లో హాన్స్ క్నీప్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు. మన దగ్గర వానాకాలంలో ఎండిన మామిడి మొద్దుల మీద బూడిద రంగు చిన్న విసనకర్రల్లా వచ్చే స్కైజోఫిల్లంలో ‘ఏ’ రకాలు 288, ‘బీ’ రకాలు 81 అని అంచనా వేశారు. హెచ్చవేస్తే 23,328 రకాలు. ఒకే పుట్టగొడుగు సంతానం తమలో తాము కలవడం తగ్గి, వేరే మొద్దు మీది దానితో కలిసే అవకాశం దాదాపు నూటికి నూరు కావడమే దీని లాభం.

ఇక పని సంగతి. బాగా విచ్చుకున్న, అంచు పైకి తిరగని పుట్టగొడుగు టోపీ కోసి, పొరలు కిందికి ఉండేలా శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్ మీద పెట్టి, గిన్నె మూసి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి తెల్లటి పొడి అచ్చు పడుతుంది. మాస్కు కట్టుకోకుండా ఈ పని చేయకండి. ముత్యపు చిప్ప స్పోర్లు ఊపిరితిత్తులకు ఎలర్జీ తెస్తాయి, కొట్టంలో రోజూ పనిచేసేవాళ్లకు ఇది నిజమైన జబ్బు. అచ్చు నుంచి లూప్‌తో కొంచెం తీసి, ఒక చుక్క ట్వీన్ 80 (సబ్బులా పనిచేసే ద్రవం) కలిపిన 10 మి.లీ. స్టెరైల్ నీళ్లలో వేసి బాగా ఊపాలి. ట్వీన్ లేకపోతే స్పోర్లు ముద్దలు కడతాయి, తర్వాత చేసే పనంతా వృథా. హీమోసైటోమీటర్‌లో (మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక) లెక్కపెట్టి, పది రెట్ల చొప్పున పలుచన చేస్తూ మి.లీ.కి 500 స్పోర్ల దగ్గరికి తేవాలి. అందులో 0.1 మి.లీ. ఒక ప్లేటులో పరిస్తే సుమారు 50 స్పోర్లు పడతాయి. మీడియం (పెంచే ఆహారం) పీడీఏ, అంటే పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్: లీటరుకు ఆలుగడ్డ 200 గ్రాములు, డెక్స్‌ట్రోజ్ 20, అగార్ 20, 15 పౌండ్ల ప్రెషర్ మీద 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు.

25 నుంచి 28 డిగ్రీల్లో మూడో రోజు నుంచి వారం లోపల మొలుస్తాయి. ఈ దశలో రోజూ చూడాలి. పక్క మొలక దారాలు తగలకముందే, అగార్ ముక్కతో సహా ఒక్కో మొలకను వేరే ప్లేటుకు మార్చాలి. ముందుగా కంటికి కనిపించే పెద్ద కాలనీలనే ఎంచుకోవాలనిపిస్తుంది, అదే తప్పు: అవి చాలాసార్లు రెండు స్పోర్లు కలిసిపోయినవే. ఒంటి స్పోరు కాలనీ పలుచగా, నెమ్మదిగా పెరుగుతుంది. మార్చిన ప్రతిదాన్నీ మళ్లీ మైక్రోస్కోపులో చూసి, క్లాంప్ కనబడినదాన్ని పారేయండి.

ఎన్ని తీయాలి? పది తీస్తే నాలుగు రకాల్లో ఏదో ఒకటి దొరకకపోయే అవకాశం ఐదింట ఒక వంతు పైనే ఉంటుంది. ఇరవై తీస్తే అది నూటికి ఒకటికి పడిపోతుంది. ఇరవైని అన్నీ అన్నింటితో కలిపితే 190 జంటలవుతాయి, అంత అవసరం లేదు. ఒకదాన్ని ఎంచుకుని మిగతా 19తో కలపండి. ఆ 19లో సుమారు ఐదు కల్చర్లు క్లాంపులు ఇస్తాయి. వాటిలో ఒకదాన్ని రెండో పరీక్ష కల్చర్‌గా పెట్టుకుని, మొదటిదానితో కలవని 14తో కలపండి. ఈసారి క్లాంప్ ఇచ్చినవన్నీ మొదటిదాని రకమే. రెండింటితోనూ కలవనివి పది వరకూ మిగులుతాయి. అందులో ఒకదాన్ని మిగతా తొమ్మిదితో కలిపితే మూడో రకం, నాలుగో రకం విడిపోతాయి. మొత్తం 42 ప్లేట్లతో పని అయిపోతుంది.

కలపడం అంటే, 5 మి.మీ. ముక్కలు రెండు, సెంటీమీటరు ఎడంలో, ప్లేటు మధ్యలో. అంచులు తగిలాక మరో వారం ఆగండి. క్లాంపుల కోసం కలిసిన గీత దగ్గరే కాదు, రెండు కాలనీల బయటి అంచుల్లో కూడా చూడాలి. సరైన జంట అయితే కేంద్రకాలు అక్కడిదాకా ప్రయాణిస్తాయి. మైటోకాండ్రియా మాత్రం ప్రయాణించవు. అందుకే ఎడమ అంచు నుంచి తీసినదాన్నీ కుడి అంచు నుంచి తీసినదాన్నీ వేర్వేరు కల్చర్లుగా దాచుకోండి: కేంద్రకాలు ఒకటే అయినా పెరిగే తీరు తేడాగా ఉండొచ్చు. వంపు మొదలై చివర కలవకుండా ఆగిపోయిన సగం క్లాంపులు కనిపిస్తే ‘ఏ’ తేడా, ‘బీ’ ఒకటే అన్నమాట. ఆ జంట కాయదు.

ఇంకో ప్రమాదం. బజారు స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) నుంచి తీసిన రెండు కేంద్రకాల కల్చర్ మీ ఒంటి స్పోరు ప్లేటుకు తగిలితే చాలు, దాని నుంచి ఒక కేంద్రకం ఇటు వచ్చేస్తుంది. కొన్నాళ్లకు చూస్తే మీ ఒంటి కల్చర్‌లో కూడా క్లాంపులు ఉంటాయి, మీరేమో మీ జంట ఫలించిందనుకుంటారు. రెండింటినీ ఒకే రోజు ఒకే లామినార్ (శుభ్రమైన గాలి వీచే పెట్టె) కింద తెరవకండి.

పంట పరీక్ష నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యే పెట్టుకోండి. ముత్యపు చిప్పకు 20 నుంచి 28 డిగ్రీలు, 80 శాతం పైన తేమ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 42 దాటుతుంది, గోనె సంచులు తడిపి వేలాడదీసినా మంచి కల్చర్ కూడా కాయదు, అప్పుడు తప్పు జన్యువులదో ఎండదో తేల్చలేరు. వానలో తడిసి నల్లబడిన యాసంగి గడ్డి వద్దు, ఎండుగా పచ్చబంగారు రంగులో ఉన్నదే తీసుకోండి. 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలు కోసి, నానబెట్టి, పెద్ద గంజులో 65 నుంచి 70 డిగ్రీల నీళ్లలో గంట ఉంచి, వడకట్టి ఆరబెట్టాలి. పిడికిట్లో గట్టిగా పిండితే నీటి చుక్క రాకూడదు, అరచెయ్యి మాత్రం తడవాలి. తడి గడ్డి బరువులో 2 నుంచి 3 శాతం స్పాన్ చాలు. ఒక్కో జంటకు కనీసం ఐదు సంచులు, అన్నీ ఒకే గంజు గడ్డితో. కిలో ఎండుగడ్డికి అరకిలో పుట్టగొడుగులు కూడా రాని జంటను పక్కన పెట్టేయొచ్చు. కాడలు పొడుగై టోపీలు చిన్నవైతే అది గాలి ఆడకపోవడం వల్ల, జంట తప్పు కాదు.

రైతుగా మంచి సంచి దొరికి అదే రకం నిలుపుకోవాలనుకుంటే స్పోర్ల జోలికి పోనే వద్దు. కాడ, టోపీ కలిసేచోట లోపలి కండ నుంచి చిన్న ముక్క తీసి పీడీఏ మీద వేయండి. రెండు కేంద్రకాలూ అలాగే వస్తాయి. స్పోర్లు అంటే జన్యువులు మళ్లీ కలగలిసిపోవడమే.

బటన్ పుట్టగొడుగు ఒక్క స్పోరు నుంచే కాసిందని ఎవరైనా చెబితే నమ్మండి. దాని బేసిడియం మీద ఎక్కువగా రెండే స్పోర్లు ఉంటాయి, ఒక్కో స్పోరులో సరిపడే రెండు కేంద్రకాలు ముందే చేరి ఉంటాయి. దానికీ వరిగడ్డి పుట్టగొడుగుకూ క్లాంపులు ఉండవు, కాబట్టి పైన చెప్పిన పరీక్ష వాటికి పనికిరాదు. సంచి పెట్టి కాపు చూడాల్సిందే.

ఇక మాస్. మనకు కనిపించే పచ్చటి మొక్కే ఏకస్థితికం. స్పోరు మొలిచి పచ్చటి దారాలుగా పాకుతుంది, దాని మీద మొగ్గలు వేసి ఆకుల మొక్క అవుతుంది. ఇంతవరకు రెండో కేంద్రకంతో పనే లేదు. జంట అవసరమయ్యేది గుళిక (స్పోర్లు తయారయ్యే చిన్న డబ్బీ) కోసమే. నీటి పొరలో ఈదుకుంటూ పుంబీజం అండాన్ని చేరాలి, అప్పుడు వచ్చే కాడ, గుళిక ద్వయస్థితికాలు, తల్లి మొక్క మీదే ఆధారపడి బతుకుతాయి. పుట్టగొడుగులో ఒక్క కణానికి పరిమితమైన దశ ఇక్కడ కంటికి కనిపించే అవయవం.

ఒంటి స్పోరు మాస్‌కు గుళిక వస్తుందా అంటే జాతిని బట్టి. ఫ్యునేరియా, ఫిస్కోమిట్రియం పేటెన్స్‌లలో ఒకే మొక్క మీద ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి, కాబట్టి వస్తుంది. ఇందులో విశేషం ఏమంటే పుంబీజం, అండం రెండూ ఒకే ఏకస్థితిక మొక్కవి కాబట్టి అచ్చంగా ఒకటే. గుళికలో ప్రతి జన్యువూ ఒక్క తరంలోనే సమయుగ్మజం, అంటే రెండు ప్రతులూ ఒకటే. బఠానీల్లో తరాల తరబడి ఆత్మపరాగ సంపర్కం చేసినా ఇంత పూర్తిగా రాదు. పైగా పచ్చటి మొక్కలో ప్రతి జన్యువుకూ ఒకటే ప్రతి, బహిర్గతం, అంతర్గతం అనే మరుగు లేదు, ఉత్పరివర్తనం వెంటనే కనిపిస్తుంది. జన్యు పరిశోధనకు పేటెన్స్‌ను ఇష్టపడేది అందుకే. మాస్‌లలో మొదట జన్యుక్రమం ప్రచురితమైంది కూడా దానిదే, 2008లో. సెరటోడాన్ లాంటి జాతుల్లో మాత్రం యూ క్రోమోజోమ్ వచ్చిన స్పోరు ఆడ, వీ వచ్చినది మగ. ఒక్క స్పోరు నుంచి వచ్చిన కల్చర్‌కు జన్మలో గుళిక రాదు. వానాకాలంలో మన గోడల మీద పరుచుకునే బ్రయం అర్జెంటియం, హయోఫిలా కూడా ఆడ, మగ వేరుగా ఉండే రకాలే. చాలావరకు గుళిక లేకుండా ముక్కలతో, జెమ్మాలతోనే (విడిపోయి కొత్త మొక్కలయ్యే చిన్న మొగ్గలు) విస్తరిస్తుంటాయి.

ల్యాబులో పెంచాలంటే మూత ఊడని గోధుమరంగు గుళిక ఎంచుకోండి. మూత ఊడినదైతే స్టెరిలైజ్ చేసేటప్పుడు లోపలి స్పోర్లు చచ్చిపోతాయి. 1 శాతం హైపోక్లోరైట్‌లో రెండు నిమిషాలు, తర్వాత మూడుసార్లు స్టెరైల్ నీళ్లు, ఆపైన 1 మి.లీ. నీటిలో చిదిపి పరచాలి. మీడియం నాప్: లీటరు డిస్టిల్డ్ నీటికి కాల్షియం నైట్రేట్ 1 గ్రాము, పొటాషియం క్లోరైడ్, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్ తలా 250 మి.గ్రా., ఫెర్రస్ సల్ఫేట్ 12.5 మి.గ్రా., అగార్ 10 గ్రాములు, పీహెచ్ 5.8. చక్కెర వేయొద్దు, బూజు ముందు పడుతుంది. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, అవి వాడితే దారాలు పసుపెక్కుతాయి. 25 డిగ్రీలు, 16 గంటల వెలుతురులో దారాలు, మొగ్గలు వస్తాయి. పేటెన్స్‌కు గుళిక కావాలంటే 15, 16 డిగ్రీలకు దించి, వెలుతురు 8 గంటలకు తగ్గించి, లైంగిక అవయవాలు వచ్చాక మొక్కలు మునిగేలా స్టెరైల్ నీళ్లు పోయాలి. ఆ నీళ్లు పోయకపోతే అన్నీ సరిగ్గా ఉన్నా గుళికలు చాలా తక్కువగా వస్తాయి.